ఆరు వారాలు అన్నం బంద్ పెట్టే డైట్: మార్కులన్నీ ఉప్పేసిన చల్లకే

రోజుకు 50, 60 గ్రాముల పిండిపదార్థం దాటకుండా, విడతకు ఆరు వారాల చొప్పున రెండేళ్లలో మూడు విడతలు నడిపాక రాస్తున్నది ఇది. పొద్దున కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరే దినచర్య. అంత సేపు బయట ఉన్నా ఆకలితో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఉప్పుతోనే.

మొదటి రెండు రోజులు హాయిగా పోతాయి. మూడోనాడు మధ్యాహ్నానికి తల పట్టేస్తుంది, కుర్చీలోంచి లేస్తే కళ్లు తిరుగుతాయి, అర్ధరాత్రి పిక్కలు పట్టుకుంటాయి. "నా ఒంటికి పడలేదు" అని చాలామంది మళ్లీ అన్నం ముందు కూర్చునేది ఇక్కడే. పిండి తగ్గగానే కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ (నిల్వ చక్కెర) ఖర్చవుతుంది. ఒక్కో గ్రాము వెంట సుమారు 3 గ్రాముల నీరు కూడా పోతుంది. ఇన్సులిన్ తగ్గేసరికి కిడ్నీలు సోడియాన్ని ఆపుకోకుండా మూత్రంలో వదిలేస్తాయి. మొదటి వారం తూకంలో తగ్గే కిలోన్నర, రెండు కిలోలలో చాలావరకు ఈ నీళ్లే కాబట్టి అప్పుడే సంబరపడొద్దు.

దీనికి మన వంట ఇంకో మెలిక పెడుతుంది. అన్నంలో కలుపుకునే కూరకు ఉప్పూ కారం దిట్టంగా వేస్తాం. అదే బీరకాయో గోకరకాయో పావుకిలో వట్టిగా తింటే నోరూ కడుపూ మండుతాయి. అందుకని రెండింటినీ సగానికి తగ్గిస్తాం. అన్నంతో పాటే తొక్కూ పచ్చిపులుసూ పోతాయి. ఒంట్లోంచి ఉప్పు పోతున్న వారంలోనే కంచంలోంచీ ఉప్పు పోతుందన్నమాట. కారం తగ్గించడం సరే, ఉప్పును మాత్రం వేరే దారిలో వెనక్కి తేవాలి.

ఆ దారి చల్ల సీసా. 150 గ్రాముల పెరుగు, 500 మిల్లీలీటర్ల నీళ్లు, ముప్పావు టీస్పూను ఉప్పు (4 గ్రాముల దాకా), చిటికెడు జీలకర్ర పొడి, దంచిన అల్లం. ముప్పావు లీటరు స్టీలు సీసాలో మెడ దాకా నింపకుండా పోయాలి. ఎండాకాలం నాలుగైదు గంటలకే పులిసి గ్యాస్ పట్టి, మూత తిప్పగానే చొక్కా మీద చిమ్ముతుంది. అందుకే వేసవిలో గట్టి పెరుగు ఒక డబ్బాలో, ఉప్పు పొట్లం విడిగా పట్టుకెళ్లి ఆఫీసులో కలుపుకోవడం మేలు. రాగి సీసా వద్దు, పులుపుకు రాగి దిగుతుంది. సగం పదకొండింటికి, సగం నాలుగింటికి తాగాలి. మొత్తం సీసాలో పిండిపదార్థం 7 గ్రాములకు మించదు. మొదటి రోజు నుంచే ఇలా తాగిన రెండో, మూడో విడతల్లో తలనొప్పి రాలేదు. పిక్కలు ఒక్క రాత్రి పట్టుకున్నాయి, అదీ సీసా ఇంట్లో మర్చిపోయిన రోజు.

నాలుగింటికి అనడానికి ఇంకో కారణం ఉంది. ఆఫీసు చాయ్‌లో రెండు చెంచాల చక్కెర, అంటే 10 గ్రాములు. నాలుగు చాయ్‌లకు 40. రోజు కోటా దాదాపు అక్కడే ఖతం. చల్ల తాగాక నాలుగింటి చాయ్ మీదికి మనసు పోదు.

మధ్యాహ్నం డబ్బా సంగతి తేలిక. కింది గిన్నెలో కూర, పై గిన్నెలో మూడు కోడిగుడ్లో, 150 గ్రాముల చికెన్ వేపుడో, పక్కన గుప్పెడు పల్లీలు. గుడ్లు పెంకుతోనే తీసుకెళ్లాలి. ఇంట్లోనే ఒలిచి పెడితే మధ్యాహ్నం మూత తీయగానే పక్క సీట్లవాళ్లు లేచిపోతారు. పల్లీలను మొదట్లో తెగ మెచ్చుకున్నాం గానీ, రైల్లో కాలక్షేపానికి పొట్లం విప్పితే గుప్పెడు దగ్గర చెయ్యి ఆగదు. వంద గ్రాములు నమిలితే 560 కేలరీల పైమాటే. నాలుగో వారంలో తూకం ఎందుకు కదలడం లేదో ఈ పొట్లాలు లెక్కపెడితే అర్థమైంది.

రాత్రి పూట అన్నం బదులు జొన్నరొట్టె తింటే చాలనుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. 50 గ్రాముల పిండితో చేసిన ఒక్క రొట్టెలో సుమారు 35 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. జొన్న మంచిదే, కానీ ఈ లెక్కలో ఇమడదు. దావత్‌లో బగారా తిని వచ్చిన తెల్లారి కిలో పెరిగితే మాత్రం కంగారు పడక్కర్లేదు, అది తిరిగొచ్చిన నీరే.

ఇంత పొగిడినా ఈ చల్ల అందరికీ కాదు. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దన్నది మామూలు సలహా, ఈ సీసా ఒక్కటే దాని దగ్గరికి తెస్తుంది. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు దీని జోలికి పోవద్దు. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ వాడేవాళ్లు డాక్టరుతో డోసు మార్పించుకోకుండా అన్నం ఆపేస్తే షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది.

కుర్చీలో కూర్చుని చేసే పని, డబ్బా కట్టుకునే వీలు, ఒకే వేళకు భోజనం ఉన్నవాళ్లకు ఆరు వారాలు నడుస్తుంది. ఎండలో తిరిగే పనివాళ్లకు, రోజుకో షిఫ్టు మారేవాళ్లకు ఇదే మాట చెప్పలేను. ఏప్రిల్, మే నెలల్లో అసలు మొదలుపెట్టొద్దు. ఇంట్లో సకినాల డబ్బా ఖాళీ అయ్యాక, సంక్రాంతి దాటిన వారం అనువైన సమయం. మేడారం జాతర ఉన్న ఏడాదైతే మాత్రం మధ్యలో ఎవరో ఒకరు బంగారం పంచుతారు. బెల్లమే అయినా వద్దనలేం, ఆ రోజు లెక్క అక్కడికి వదిలేయాలి.