రాణి కథా, పేరు మిగలని మనిషి కథా: ఏది మేలు?

హిస్టారికల్ ఫిక్షన్‌లో ఆడవాళ్ల కథలు చదవాలనుంది, రాణుల మీద వచ్చిన నవలలు పట్టుకోవాలా, చరిత్రలో పేరు కూడా మిగలని మామూలు ఆడవాళ్ల మీద అల్లినవా అని ఈ మధ్య తరచూ అడుగుతున్నారు. రెండూ ఇష్టంగానే చదువుతాను కానీ ఒకటే ఎంచుకోమంటే నా ఓటు రెండోదానికే.

రాణి కథలకి ఉన్న బలం తక్కువేం కాదు. శాసనాలుంటాయి, తేదీలుంటాయి, రచయిత ఎంత ఊహించినా వాటిని దాటి పోలేడు. రుద్రమదేవినే తీసుకోండి, ఆమె చనిపోయిందని మనకి చెప్పేది 1289 నాటి చందుపట్ల శాసనం, అది వేయించింది కూడా ఏ రాజో కాదు, పువ్వుల ముమ్మడి అనే భటుడు. అంత పెద్ద రాణి చివరి రోజుల గురించి మిగిలింది దాదాపు అంతే, ఇక నవల రాసేవాళ్లకి ఎంత చోటుందో చూడండి. కానీ చాలామంది ఆ చోటంతా యుద్ధాలతో, కోట లోపలి కుట్రలతో నింపేస్తారు, రుద్రదేవ మహారాజు అని మగపేరుతో శాసనాలకెక్కిన ఆ బతుకు లోపల ఎలా ఉండేదో రెండు పేరాల్లో తేల్చేస్తారు. నాకు ఆ రెండు పేరాలే నవల మొత్తం కావాలి.

నేను చూసేది ఒక్కటే. కష్టం వచ్చినప్పుడు ఆ మనిషి చేతిలో ఏముంది, ఏం లేదు అన్నది రాసినవాళ్లకి తెలుసా లేదా. ఇంగ్లండ్‌లో 1870 చట్టం వచ్చేదాకా పెళ్లైన ఆడది సంపాదించిన కూలి కూడా చట్టప్రకారం మొగుడిదే. 1850ల్లో జరిగే కథలో ఒక మిల్లు కార్మికురాలు మొగుణ్ణి వదిలేసి తన జీతంతో హాయిగా బతికేసిందని రాసేస్తే, ఆమె నిజంగా భయపడాల్సిందేదో అదే కథలోంచి మాయమైపోయింది, ఇంక ఆమె ధైర్యం మనకెలా తెలుస్తుంది? దేశవిభజన కథలూ అంతే. ఎత్తుకుపోయినవాళ్లని వెతికి సొంతవాళ్లకి అప్పగించేందుకు మన దేశంలో 1949లో చేసిన చట్టం మగపిల్లలైతే 16 ఏళ్లలోపు వాళ్లకే వర్తించేది, ఆడవాళ్లైతే ఏ వయసైనా సరే, వెళ్తావా ఉంటావా అన్న నిర్ణయం ఆమెది కాదు. కాపాడ్డంతో కథ ఆపేసే నవల సగం కష్టాన్ని వదిలేసినట్టే.

ఇంకోటి, కథ ఎక్కడ మొదలెడతారు అన్నది. న్యూయార్క్ ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీలో 1911 మార్చిలో మంటలొచ్చి 146 మంది చనిపోయారు, ఎక్కువమంది వలసొచ్చిన యూదు, ఇటాలియన్ అమ్మాయిలే, ఒక తలుపుకి తాళం వేసి ఉంది. మంటలతో మొదలెడితే వాళ్లు పాపం చచ్చిపోయిన అమ్మాయిలు, అంతే. కానీ 1909 నవంబరులో న్యూయార్క్ బట్టల ఫ్యాక్టరీల్లో వేలమంది సమ్మెకి దిగినప్పుడు ఈ ఫ్యాక్టరీ వాళ్లూ అందులో ఉన్నారు, చలికాలంలో రోడ్డు మీద నిలబడ్డారు, దెబ్బలు తిన్నారు, అరెస్టయ్యారు, చివరికి ఈ యజమానులు యూనియన్‌ని ఒప్పుకోకుండానే మళ్లీ పనిలోకెళ్లారు. అక్కణ్ణుంచి మొదలెడితే ఆ తాళం అర్థమే మారిపోతుంది. ఇలాంటి మొదలు పెట్టుకునే స్వేచ్ఛ పేరు లేని మనిషి కథకే ఎక్కువ.

దీనికీ ఒక జబ్బుంది. అడ్డు చెప్పే రికార్డు ఉండదు కాబట్టి ఆకలి, బిడ్డ చావు, అత్యాచారం ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతారు, నాలుగో దెబ్బకి మనకి ఏడుపు కూడా రాదు. ఓర్పంటే ఎన్ని దెబ్బలు తిందన్న లెక్క కాదు కదా, మర్నాడు లేచి ఎవరితో ఏం మాట్లాడింది, ఎవరి మీద కోపం తెచ్చుకుంది, ఎప్పుడు నవ్వింది, అవి కావాలి.

మూడు తరాల కథలు, మనవరాలికి పాత ఉత్తరాలు దొరికే రెండు కాలాల కథలు కూడా ఉన్నాయి. తరాల కథలు ఓపికుంటే చదవండి. రెండోరకంలో ఇప్పటి కాలం భాగం సాధారణంగా పల్చగా ఉంటుంది.

కొనేముందు మధ్యలో ఎక్కడో ఒక పది పేజీలు తిరగేయండి. ఆమె తిండికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది, ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంది అన్నది కనిపిస్తే రాణి కథైనా సరే తీసుకోండి.