అల్ట్రాసౌండ్ మెషిన్ కాంటాక్ట్ లైటును ఎంతవరకు నమ్మొచ్చు

మా ఫిజియోథెరపీ క్లినిక్‌లో నొప్పులకు ధ్వని తరంగాలతో చికిత్స చేసే ఈ అల్ట్రాసౌండ్ మెషిన్ (1, 3 మెగాహెర్ట్జ్ రెండూ ఉన్నది) కొన్నేళ్లుగా రోజూ నడుస్తోంది. చర్మం మీద ఆనించి తిప్పే హెడ్‌కున్న కాంటాక్ట్ లైటు (హెడ్ సరిగా ఆనితే వెలిగేది) చూసే కొన్నాను. ఆ లైటంటే నాకు ఇప్పటికీ ఇష్టమే.

ఈ చికిత్సను పాడు చేసేది గాలి. హెడ్‌కీ చర్మానికీ మధ్య పల్చటి గాలి పొర ఉన్నా తరంగాలు దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతాయి. జెల్ రాసేది అందుకే. నడుము, తొడ దగ్గర ఇబ్బంది ఉండదు గానీ చీలమండ, మోచేయి లాంటి ఎముక తేలిన చోట హెడ్ అంచు లేస్తూనే ఉంటుంది. పాత మెషిన్‌లో అంచు లేచినా టైమర్ తిరుగుతూనే ఉండేది. పేషెంటుకు నిజంగా అందింది ఎంతో తెలిసేది కాదు. ఇందులో కాంటాక్ట్ పోతే లైటు ఆరి, టైమర్ ఆగుతుంది. ఇంటర్న్‌షిప్‌కు వచ్చే పిల్లలకు దీనివల్లే త్వరగా చెయ్యి తిరుగుతోంది.

భుజం పట్టేసి మా దగ్గరికి వస్తున్న ఒక రిటైర్డ్ బస్సు డ్రైవర్ గారు ఒకరోజు, "డాక్టరమ్మా, ఇదివరకు లోపల గోరువెచ్చగా తెలిసేది. ఇప్పుడు జెల్ చల్లదనం తప్ప ఏమీ లేదు" అన్నారు. తరంగాలు ఆగకుండా వచ్చే కంటిన్యువస్ మోడ్‌లో, చదరపు సెంటీమీటరుకు 1.5 వాట్లు పెట్టి ఉంది. స్క్రీన్ మీద అంకె అదే, లైటూ నిక్షేపంగా వెలుగుతోంది. ఆయన భుజం మీద వేడీ చల్లనా తెలుస్తున్నాయో లేదో మళ్లీ చూశాను. స్పర్శ బాగానే ఉంది. ఆయన వెళ్లాక టబ్బులో నీళ్లు పోసి, హెడ్‌ ముఖం పైకి తిప్పి, నీటి మట్టానికి కాస్త కిందుగా పట్టుకుని ఆన్ చేశాను. బాగా పనిచేసే హెడ్ అయితే దాని పైన నీళ్లు బొడిపెలా ఉబుకుతాయి. ఇక్కడ సన్నటి వణుకు, అంతే.

సర్వీసు వాళ్లు ఫోన్లో, "లైటు వెలుగుతోంది కదా మేడం, మెషిన్ ఓకే" అన్నారు. పట్టుబట్టి పంపిస్తే, బయటికొచ్చే శక్తిని కొలిచే పవర్ మీటర్ మీద పెట్టి చూసి అప్పుడు ఒప్పుకున్నారు. తరంగాలు పుట్టించే లోపలి క్రిస్టల్ హెడ్ ముందు పలక నుంచి ఊడిందట. మారు హెడ్ ఇవ్వలేదు. అది తిరిగొచ్చేదాకా ఈ చికిత్స తీసుకుంటున్న పేషెంట్లందరికీ వ్యాయామాలు, వేడి కాపడంతోనే నడిపించాను.

స్క్రీన్ మీద కనిపించేది మనం అడిగిన మోతాదు, బయటికి వచ్చింది కాదు. హెడ్ చర్మానికి ఆనిందని చెప్పడం వరకే లైటు పని.

అసలు ఈ చికిత్స మీదే సందేహాలున్నాయి. 2001లో రాబర్ట్‌సన్, బేకర్ చేసిన సమీక్షలో, పద్ధతిగా జరిగిన 10 ప్రయోగాల్లో 2 మాత్రమే ఉత్తుత్తి చికిత్స కన్నా మేలని తేల్చాయి. అలాంటప్పుడు మోతాదన్నా నిజంగా అందాలి కదా.

చీలమండ, మోచేయి కేసులు ఎక్కువగా వచ్చే నాలాంటి చిన్న క్లినిక్‌కు, వ్యాయామానికి తోడుగా వాడుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. సర్వీసు సెంటర్ మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉంటేనే కొనండి. ఏటా కాలిబ్రేషన్ (స్క్రీన్ మీది అంకెకు తగ్గట్టు మోతాదు వస్తోందో లేదో కొలిచి సరిచేయడం) చేసి సర్టిఫికెట్ ఇస్తామని కాగితం మీద రాయించుకోండి. ఎక్కువగా నడుము నొప్పులే చూసేవాళ్లయితే ఈ లైటు కోసం అంత డబ్బు పెట్టక్కర్లేదేమో.