612 సిబిల్‌తో తీసుకున్న ఇంటి లోన్, ఐదేళ్లు కట్టాక

సిబిల్ స్కోరు, అంటే పాత అప్పులు ఎలా కట్టామో చెప్పే అంకె, 750 దాటితే మంచిది, బాగా తక్కువుంటే బ్యాంకులు అంత తేలిగ్గా ఇవ్వవు, ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నాది 612 ఉన్నప్పుడు ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ 2020 చివర్లో 20 లక్షలు ఇచ్చింది. పేరు రాయను. మిగతా కంపెనీల్లో కట్టేవాళ్లని నలుగుర్ని అడిగితే వాళ్ల కథా దాదాపు ఇదే. నాకున్న కడుపుమంట ఒక్కటే: స్కోరు బాలేనప్పుడు వేసిన వడ్డీ, స్కోరు బాగుపడ్డాక కూడా మనం వెళ్లి అడిగితే తప్ప తగ్గదు. అడగొచ్చని కూడా నాకు మూడేళ్లు ఎవరూ చెప్పలేదు.

ముందు మంచి చెప్పాలి. 2016లో ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాను. క్రెడిట్ కార్డు బాకీ 72 వేలకి చేరింది. రికవరీ వాళ్లు 40 వేలు కట్టేయండి, సెటిల్ చేసేద్దాం అంటే అప్పు చేసి మరీ కట్టి, పీడ విరగడైంది అనుకున్నా. సిబిల్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుందని, అది పూర్తిగా తీర్చినట్టు రాసే ‘క్లోజ్డ్’తో సమానం కాదని అప్పుడు నాకేం తెలుసు. నాలుగేళ్ల తర్వాత మూడు బ్యాంకుల వాళ్లు ఆ ఒక్క మాట చూసి ఫైలు పక్కన పెట్టేశారు. ఈ కంపెనీ క్రెడిట్ మేనేజర్ మాత్రం ఇంటికొచ్చి రెండు గంటలు కూర్చున్నాడు. బ్యాంకు స్టేట్‌మెంట్లు కాగితం కాగితం తిప్పి, జీతం ఏ తారీఖున పడుతోంది, అద్దె ఏ తారీఖున వెళ్తోంది, నెలాఖరుకి ఎంత మిగులుతోంది, అన్నీ పెన్నుతో గీతలు పెట్టుకుంటూ చూశాడు. “కార్డు సంగతి నేను నోట్ రాస్తాను, మీరు టెన్షన్ పడకండి సార్” అన్నాడు. పదకొండో రోజుకి శాంక్షన్ లెటర్ వచ్చింది. 11.5 శాతం, 20 ఏళ్లు, నెలకి 21,329. రేటు ఎక్కువని తెలుసు, అయినా మారుమాట్లాడకుండా సంతకం పెట్టాను. ఆ రోజుల్లో కనిపించిన ప్రతివాడికీ ఈ కంపెనీ గురించే చెప్పేవాణ్ణి, మా తోడల్లుడికి కూడా అక్కడే ఇప్పించాను.

తర్వాత నా వైపు నుంచి చేయాల్సింది చేశాను. ఆ కార్డు మీద వదిలేసిన 32 వేలు కూడా కట్టి, ఇక బాకీ లేదని ఎన్ఓసీ కాగితం తీసుకుని, రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని మార్పించాను. ఈఎంఐ ఒక్కటి కూడా తప్పలేదు. 2023 ఆఖరుకి స్కోరు 768.

2024 జనవరిలో మెయిల్‌కి ఒక స్టేట్‌మెంట్ వచ్చింది. అసలెంత పోయింది, వడ్డీ ఎంత పోయింది, ఇంకా ఎన్ని ఈఎంఐలు మిగిలాయి అని మూడు నెలలకోసారి చెప్పాలని 2023 ఆగస్టులో ఆర్‌బీఐ ఆర్డరు వేసింది, దాని పుణ్యం. లేకపోతే ఇప్పటికీ నాకు తెలిసేది కాదేమో. నేను చూడలేదు, మా ఆవిడ చూసింది. “మనకి 204 కదా మిగలాలి, ఇందులో 275 అని ఉందేంటి?” అంది. ప్రింటింగ్ తప్పేమో అన్నాను. తప్పు కాదు. 36 నెలల్లో ఏడు లక్షల అరవై వేలకు పైగా కట్టాం, అసలులో తగ్గింది 71 వేలు. రేటు 2022లో 12, 2023లో 12.5 అయింది. ఈఎంఐ మాత్రం కదపకుండా నెలలు పెంచుకుంటూ పోయారు. బ్యాంకు అకౌంటులో ప్రతినెలా అదే 21,329 పోతుంటే ఇంక అనుమానం ఎక్కడొస్తుంది?

బ్రాంచికి వెళ్లాను. ఆ క్రెడిట్ మేనేజర్ ఎప్పుడో మానేశాడట. కౌంటర్లో ఉన్న అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, “మీ ప్రొఫైల్ రిస్క్ కేటగిరీలో ఉంది సార్, అందుకే రేటు అంత” అంది. ఫోన్‌లో 768 చూపించాను. “అది ఇప్పటిది సార్, మా దగ్గర శాంక్షన్ నాటిదే ఉంటుంది” అంది. కోపం వచ్చింది గానీ ఆ పిల్ల చేతిలో ఏముంది. లేచి వచ్చేస్తుంటే తనే పిలిచి, గొంతు తగ్గించి, “కన్వర్షన్‌కి పెట్టుకోండి సార్” అంది. అంటే ఫీజు కట్టి, ఉన్న లోన్‌నే తక్కువ రేటుకి మార్పించుకోవడం. ఒక పేజీ ఫారం, మిగిలిన అప్పు మీద అర శాతం ఫీజు, పైన జీఎస్టీ. మొత్తం 11,352 రూపాయలు. ఏప్రిల్‌లో రేటు 11.25కి వచ్చింది. ఈఎంఐ అదే ఉంచమన్నాను. అప్పటికి మిగిలిన 271 ఈఎంఐలు 200 అయ్యాయి.

డెబ్బై ఒక్క ఈఎంఐలు. కాలిక్యులేటర్‌లో కొట్టి చూస్తే పదిహేను లక్షల పైమాటే. పదకొండు వేల ఫీజుతో, పది నిమిషాల పనితో పోయే పదిహేను లక్షలు! ఆనందపడాలో ఏడవాలో తెలియలేదు. ఆ సాయంత్రమే తోడల్లుడికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. ఇప్పించింది నేనే కదా మరి.

బ్యాంకు లోన్ అయితే ఇంత ఘోరం ఉండదు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే ఫ్లోటింగ్ (వడ్డీ రేటు మారుతూ ఉండే) ఇంటి లోన్లు రెపో, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రేటు, లాంటి బయటి రేటుకే ముడిపెట్టాలి, కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి ఆ రూలు లేదు, వాళ్లకి వాళ్లే పెట్టుకునే మూల రేటు, పీఎల్ఆర్ అంటారు, అది వాళ్లిష్టం. 2025లో ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో 6.5 నుంచి 5.5కి దిగింది, నాకు తగ్గింది 0.2. ఆ రోజు ఇంట్లో రెండు గంటలు ఓపిగ్గా కూర్చున్నాడని మేనేజర్‌ని అంత పొగిడానా, ఆ ఓపిక ఖరీదు కూడా రేటులోనే కలిపారని ఇప్పుడనిపిస్తోంది.

మరి బ్యాంకుకి మార్చుకోవచ్చు కదా అంటారు. ఫ్లోటింగ్ లోన్ కాబట్టి ముందే తీర్చేసినా పెనాల్టీ ఉండదు, నిజమే. పోయినేడు వెళ్లాను కూడా. స్కోరు చూసి బ్యాంకాయన కాఫీ తెప్పించాడు. వారం తర్వాత వాళ్ల ఇంజినీరు టేపు పట్టుకుని వచ్చి కొలిచి, పైన ఉన్న గది ప్లాన్‌లో లేదని రాశాడు. మేం కొనేటప్పటికే ఉన్న గది అది. ఫైలు ఆగిపోయింది. అదే గదిని 2020లో ఈ కంపెనీ వాళ్లు చూసీ చూడనట్టు వదిలేశారు కాబట్టే మాకు ఇల్లంటూ ఉంది, అది కాదనలేను.

కాబట్టి తీసుకోవద్దని చెప్పలేను. నాకు అప్పుడు వేరే దారి లేదు, అద్దె ఇల్లు ఖాళీ చేయమన్నారు, అమ్మకి ఆరోగ్యం బాలేదు. కాగితాలన్నీ సరిగ్గా ఉండి, ఒక ఏడాది ఆగగలిగే పరిస్థితి ఉంటే పాత బాకీ పూర్తిగా తీర్చి, స్కోరు కాస్త లేచాక బ్యాంకుకే వెళ్లమంటాను. ఆగలేని వాళ్లు తీసుకోండి, కానీ మొదటి రోజే కన్వర్షన్ ఫీజు ఎంతో అడిగి రాయించుకోండి.

నేనైతే ఇప్పుడు ప్రతి జనవరిలో ఉచితంగా వచ్చే రిపోర్టు ప్రింటు తీసుకుని బ్రాంచికి వెళ్తున్నా. ఈసారి నేను కుర్చీ లాక్కునేలోపే ఆ అమ్మాయి, “మళ్లీ కన్వర్షనేనా సార్?” అని ఫారం తీసి ఇచ్చింది.