పెళ్లి వీడియోల స్టూడియోలో పది గిగాబిట్ల నెట్‌వర్క్: మూడేళ్లకు పైగా వాడాక

2022 వైశాఖంలో ఒక పెళ్లి చేశాం. ముహూర్తం తెల్లవారుజామున. పొద్దున్నే మా కుర్రాళ్లు నిద్ర కళ్లతో కెమెరాల మెమరీ కార్డులు తెచ్చి బల్ల మీద పెట్టారు. మధ్యాహ్నం ఇంకో పెళ్లికి మళ్లీ అవే కార్డులు కావాలి. గబగబా కాపీ కొట్టాం, ఫార్మాట్ చేశాం, పంపించేశాం. పది రోజుల తర్వాత ఎడిటింగ్‌కు కూర్చుంటే తలంబ్రాల క్లిప్పు సగం దాకా ఆడి, ఆ తర్వాత అంతా బూడిదరంగు గళ్లు. రెండో కెమెరాతో ఆ ఘట్టాన్ని ఎలాగో సర్దాం. కానీ పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటున్న పెళ్లికూతురి నాన్నగారు ఆ మొదటి కెమెరాలోనే ఉన్నారు. వాళ్లింటికి వెళ్లి ఆ మాట చెప్పిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాపీ అయ్యాక ఫైలు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవాలని మాకు తెలియక కాదు. టైమ్ లేక. ఒక పెళ్లికి మాకు సుమారు 1.6 టెరాబైట్లు వస్తుంది. మామూలు గిగాబిట్ నెట్‌వర్క్‌లో కాగితం మీద సెకనుకు 125 మెగాబైట్లు (ఎనిమిది బిట్లు ఒక బైటు), చేతికొచ్చేది 112 దాకా. అంటే కాపీకి నాలుగు గంటలు, సరిచూడటానికి అదంతా తిరిగి చదవాలంటే ఇంకో నాలుగు గంటలు. సీజన్‌లో ఎనిమిది గంటలు ఎవరి దగ్గరుంటాయి? ఆ ఏడాది ఆషాఢంలో, ముహూర్తాలు లేని ఆ నెల రోజుల్లో, హైదరాబాద్ కృష్ణానగర్‌లోని మా స్టూడియోకు పది గిగాబిట్ల నెట్‌వర్క్ వేసుకున్నాం. మూడేళ్లు దాటింది. కొనేముందు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక అపోహ తీరాలి. ఇది ఇంటర్నెట్ వేగం కాదు. స్టూడియోలో కంప్యూటర్లకూ సర్వర్‌కూ మధ్య ఉన్న దారి మాత్రమే. బయటికి వెళ్లే లైను ఎప్పటిలాగే ఉంది. వంద మెగాబిట్ల అప్‌లోడ్‌లో ఒక టెరాబైట్ పంపాలంటే 22 గంటలు పైనే పడుతుంది కాబట్టి, అమెరికాలో ఉన్న పెళ్లికొడుకు అన్నయ్యకు కూడా మేం ఇప్పటికీ హార్డ్‌డిస్కే ఇస్తాం.

సామాను సంగతి. కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టె, అంటే స్విచ్, మైక్రోటిక్ అనే లాట్వియా కంపెనీది. ఫైబరో మాడ్యూలో తగిలించుకునే పది గిగాబిట్ల పోర్టులు (ఎస్‌ఎఫ్‌పీ ప్లస్) ఎనిమిది ఉన్నాయి. ఫ్యాను లేదు, చప్పుడు లేదు. ఈ మూడేళ్లలో నేను దాన్ని రీస్టార్ట్ చేసింది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లకే. కంప్యూటర్లలోకి పాత ఇంటెల్ ఎక్స్520 నెట్‌వర్క్ కార్డులు, పెద్ద ఆఫీసుల సర్వర్ల నుంచి ఊడదీసి అమ్మేవి, సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతికి తెచ్చాం. డిస్కులు, సర్వర్ కాకుండా ఒక్క నెట్‌వర్క్‌కే అయింది 80 వేల లోపు. సర్వర్ మేమే కట్టుకున్నాం: ట్రూనాస్ అనే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్, ఎనిమిది 12 టెరాబైట్ల హార్డ్‌డిస్కులు, రెండు పోయినా డేటా నిలిచేలా రెయిడ్-జెడ్2. ఇప్పుడు నడుస్తున్న పెళ్లిళ్ల కోసం విడిగా రెండు ఎన్‌వీఎంఈ డిస్కులు (చాలా వేగమైన ఎస్‌ఎస్‌డీలు), ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉండేలా.

మొదటి రోజు అన్నీ తగిలించి పెద్ద ఫోల్డర్ ఒకటి కాపీ కొట్టాను. సెకనుకు 180 మెగాబైట్లు వచ్చింది. గుండె జారిపోయింది.

ఆ తర్వాత పది రోజులు నేర్చుకున్నదే ఈ మొత్తం అనుభవంలో విలువైనది. నీళ్ల పైపు ఎంత లావున్నా ట్యాపు సన్నగా ఉంటే ధార సన్నగానే వస్తుంది. అలాంటి సన్నటి చోట్లు మా దారిలో నాలుగు బయటపడ్డాయి. వాటిని విడివిడిగా పట్టుకోవడానికి ఐపెర్ఫ్3 అనే ఉచిత సాధనం వాడండి. అది డిస్కుల్ని ముట్టుకోకుండా తీగ వేగం ఒక్కటే కొలుస్తుంది. అది సరిగ్గా ఉందంటే 9.4 గిగాబిట్లు చూపించాలి. మా ఐదు కంప్యూటర్లలో మూడు అలాగే చూపించాయి.

నాలుగోది 3.3 దగ్గర ఆగిపోయింది. కార్డు మార్చాం, కేబుల్ మార్చాం, అదే అంకె. చివరికి మదర్‌బోర్డు పుస్తకం తీసి చదివితే తెలిసింది: కార్డు పెట్టిన స్లాటు చూడటానికి పొడుగ్గా ఉంది కానీ లోపల డేటా వెళ్లే దారి (లేన్) ఒక్కటే. ఎక్స్520 పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 కార్డు, ఒక లేన్‌లో దానికి వచ్చేది సెకనుకు 500 మెగాబైట్ల లోపే. పక్క స్లాటులోకి మార్చగానే 9.4 వచ్చేసింది. సెకండ్‌హ్యాండ్ కార్డు కొనేవాళ్లు కార్డు ధర కంటే ముందు తమ బోర్డులో ఏ స్లాటుకు ఎన్ని లేన్లున్నాయో చూసుకోవాలి.

ఐదోది మా కలరిస్ట్ (వీడియో రంగులు దిద్దే అతను) వాడే యాపిల్ కంప్యూటర్, మ్యాక్ స్టూడియో. దానికి పది గిగాబిట్ల పోర్టు కంపెనీ నుంచే వస్తుంది, కానీ అది రాగి తీగ పోర్టు. దానికి కేట్ 6 కేబుల్ లాగించాం. కేబుల్ మీద కేట్ 6 అని అచ్చు ఉంది, బిల్లులోనూ ఉంది. లింకు పది గిగాబిట్లకు ఎక్కి, పది నిమిషాలకు ఒక గిగాబిట్‌కు పడిపోయేది. ఒక చివర కత్తిరించి తీగను బ్లేడుతో గీకాను. పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. ఇది మార్కెట్లో కుప్పలుగా దొరుకుతుంది. చేత్తో ఎత్తితేనే తేలిగ్గా ఉంటుంది, కొనేటప్పుడు అక్కడే గీకి చూడండి. అసలైన రాగి కేట్ 6 అయితే పది గిగాబిట్లు 55 మీటర్ల దాకా నడుస్తుంది, కేట్ 6ఏ అయితే వంద మీటర్లు.

అసలు 180 మెగాబైట్ల కారణం మాత్రం వీటిలో ఏదీ కాదు. నేను కాపీ కొట్టింది నా కంప్యూటర్‌లోని హార్డ్‌డిస్కు నుంచి! ఒక మంచి హార్డ్‌డిస్కు మహా అయితే సెకనుకు 250 మెగాబైట్లు చదువుతుంది, నిండే కొద్దీ అది సగానికి పడిపోతుంది. అంటే ఇటు చివరా అటు చివరా ఎస్‌ఎస్‌డీలు గానీ, కలిసి పనిచేసే చాలా డిస్కులు గానీ లేకపోతే పది గిగాబిట్లు పెట్టి లాభం లేదు. చవక ఎస్‌ఎస్‌డీలతో ఇంకో చిక్కుంది. మొదటి కొన్ని పదుల గిగాబైట్లు మెరుపులా రాసి, లోపలి క్యాష్ నిండగానే హార్డ్‌డిస్కు కంటే కిందికి పడిపోతాయి. బాక్సు మీద అంకె చూసి కొని ఒకసారి నష్టపోయాం.

కెమెరా కార్డుల సంగతి కూడా ఇంతే. యూహెచ్‌ఎస్-1 రకం ఎస్‌డీ కార్డు మామూలు రీడర్‌లో సెకనుకు 104 మెగాబైట్లు దాటలేదు, దానికి ఏ నెట్‌వర్కూ సాయం చేయలేదు. మేం చేసిందల్లా అంతకంటే వేగమైన యూహెచ్‌ఎస్-2 కార్డులకు మారి, నాలుగు రీడర్లు పెట్టి, నాలుగు కార్డులూ ఒకేసారి దించడం. అలా కలిపి సెకనుకు 600, 700 దాకా వస్తుంది. 1.6 టెరాబైట్లు నలభై నిమిషాల్లో సర్వర్‌లో ఉంటుంది.

ఆ తర్వాతే మాకు అసలు ముఖ్యమైన పని. కాపీ సాఫ్ట్‌వేర్ ప్రతి ఫైలుకూ ఎక్స్‌ఎక్స్‌హాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె) లెక్కగట్టి, సర్వర్ నుంచి తిరిగి చదివి, రెండూ పోల్చి చూస్తుంది. అర్ధగంట. కాపీ అయిన ప్రతి ఫైలునూ వెంటనే సరిచూడకుండా, అన్నీ దిగాకే మొదలుపెడతాం. వెంటనే చదివితే డిస్కులోది కాకుండా ర్యామ్‌లో మిగిలిన నకలు చదివి అంతా బాగుందని చెప్పే ప్రమాదం ఉంది. ఎండీ5 అనే ఇంకో రకం హాష్‌తో కూడా చేయొచ్చు కానీ ఈ వేగంలో ప్రాసెసర్ వెనకబడుతుంది. ఈ మూడేళ్లలో హాష్ కలవని ఫైళ్లు మాకు రెండుసార్లు దొరికాయి. రెండుసార్లూ పాడైన కార్డు రీడరే కారణం. అప్పటికి కార్డు ఫార్మాట్ కాలేదు కాబట్టి మళ్లీ దించుకున్నాం. ఆ రెండు ఇళ్లకూ ఈ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరం రాలేదు. పెట్టిన డబ్బంతా నాకు అక్కడే తిరిగొచ్చింది.

ఎడిటింగ్‌లో వచ్చిన మార్పు కూడా చిన్నది కాదు. మా కెమెరాల్లో 4కే, 50 ఫ్రేములు, ఆల్-ఇంట్రా (ప్రతి ఫ్రేమునూ విడిగా దాచే పద్ధతి) పెడితే సెకనుకు 500 మెగాబిట్లు. నాలుగు యాంగిల్స్ పక్కపక్కన ఆడించాలంటే సెకనుకు 250 మెగాబైట్లు కావాలి. గిగాబిట్‌లో అది జరిగే పని కాదు. అందుకే ఇదివరకు రాత్రంతా ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలిక నకళ్లు, తయారయ్యేవి, లేదంటే ఒక్కొక్కరూ తమ డిస్కులోకి కాపీ చేసుకునేవాళ్లు, ఏది అసలో ఏది నకలో ఎవరికీ తెలిసేది కాదు. "అన్నా, ఫైనల్ ఏ డిస్కులో ఉంది?" అనే ప్రశ్న రోజుకు పదిసార్లు వినేవాణ్ని. ఇప్పుడు అందరూ సర్వర్ మీదే ఎడిట్ చేస్తారు. ముగ్గురు ఒకేసారి మల్టీక్యామ్ (పక్కపక్కన అన్ని యాంగిల్స్) తెరిచినా ఆగదు. ఐదుగురూ తెరిస్తే సర్వర్‌కున్న ఒక్క తీగ సరిపోక తడబడేది. సర్వర్ నెట్‌వర్క్ కార్డులో రెండో పోర్టుకు కూడా తీగ తగిలించి రెండూ జత కట్టాక తగ్గింది. దానివల్ల ఒక మనిషికి వేగం పెరగదు, మందికి పంపకం బాగుంటుంది.

ఫొటోల దగ్గర మాత్రం ఆశ పెట్టుకోవద్దు. పెద్ద వీడియో ఫైలు సెకనుకు గిగాబైట్ దగ్గరగా పోయే దారిలోనే, వేలకొద్దీ చిన్న ప్రివ్యూ ఫైళ్లున్న ఫోల్డర్ 40 మెగాబైట్ల వద్ద ఈడుస్తుంది. ఒక్కో ఫైలుకూ తెరవడం, రాయడం, మూయడం అనే తతంగం ఉంటుంది కదా. విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే సాధనానికి 16 థ్రెడ్లు ఇచ్చి, అంటే ఒకేసారి 16 ఫైళ్లు పోయేలా, కాపీ చేస్తే చాలా మెరుగు.

జంబో ఫ్రేముల గురించి, అంటే నెట్‌వర్క్‌లో పోయే ఒక్కో డేటా పొట్లాన్ని పెద్దది చేయడం గురించి, అందరూ చెబుతారు. ఆ పొట్లం సైజు (ఎంటీయూ) మామూలు 1500 నుంచి 9000కు పెంచాం, 9.4 కాస్తా 9.9 అయింది. కానీ కొత్తగా వచ్చిన ఒక ల్యాప్‌టాప్‌లో 1500 ఉండిపోయి, ఫోల్డర్లు తెరుచుకునేవి, ఫైళ్లు మాత్రం మధ్యలో బిగుసుకుపోయేవి. రెండు రోజులు పోయాయి. అన్నిటినీ తిరిగి 1500 చేసేశాం, ఆ అర గిగాబిట్ లోటు ఎవరికీ కనిపించలేదు.

హైదరాబాద్ ఎండ గురించి. రాగి తీగ కోసం ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టులో పెట్టే మాడ్యూల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. మేలో ఏసీ ఆగిన రోజున లింకు తెగిపోయింది. అలాంటివి పక్కపక్క పోర్టుల్లో పెట్టకండి, మధ్యలో ఒకటి ఖాళీ వదలండి. మిగతా కంప్యూటర్లన్నిటికీ మేం ఓఎం3 ఫైబర్, సర్వర్‌కు ప్లగ్గులు ముందే బిగించి వచ్చే పొట్టి డాక్ కేబుళ్లు వాడాం, అవి చల్లగా ఉంటాయి. ఓఎం3 మీద పది గిగాబిట్లు 300 మీటర్ల దాకా వెళ్తుంది, ఒక వీధి మొత్తానికి చాలు.

మా ఆల్బమ్ డిజైన్ గది ఎదురు బిల్డింగులో ఉంది. ఇదివరకు డాబాల మీదుగా రాగి కేబుల్ ఉండేది, ఒక వానాకాలం దగ్గర్లో పిడుగు పడి రెండు వైపులా పోర్టులు కాలిపోయాయి. ఫైబర్ గాజు, దానిలో కరెంటు పారదు. అయితే ఎలుకలకు భయపడి ఇనుప తొడుగున్న ఫైబర్ తీసుకుంటే పిడుగు బెడద మళ్లీ మొదటికొస్తుంది. మేం లోహం లేని అవుట్‌డోర్ ఫైబర్ తీసుకుని గట్టి పైపులో వేశాం. మూడు వానాకాలాలు చూసింది.

ఒంటరిగా ఎడిటింగ్ చేసుకునేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. మంచి ఎస్‌ఎస్‌డీ ఒకటి నేరుగా తగిలించుకుని, బ్యాకప్‌కు 2.5 గిగాబిట్ల స్విచ్ పెట్టుకుంటే చాలు, పాత కేట్ 5ఈ కేబుళ్ల మీదే నడుస్తుంది. ముగ్గురు దాటి ఒకే ఫుటేజీ మీద పనిచేస్తుంటే మాత్రం వెనకాడకండి. సర్వర్‌కు యూపీఎస్ తప్పనిసరి. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానొద్దు. మేం ప్రతి పెళ్లికీ ఇంకో నకలు విడి డిస్కులో వేసి యూసుఫ్‌గూడలో మా ఇంట్లో పెడతాం.

ఇన్నాళ్లూ వాయిదా వేసింది ఒకటుంది. అందరి పనీ ఆ ఒక్క స్విచ్ మీదే నడుస్తోంది. ముహూర్తాల మధ్యలో అది పోతే ఐదుగురం చేతులు కట్టుకుని కూర్చోవాలి. అలాంటిదే ఇంకొకటి కొని, సెట్టింగులు కాపీ చేసి అల్మారాలో సిద్ధంగా పెట్టాలి. వచ్చే మాఘం లోపు చేస్తాను.