మూత పెడితే కారిన ఫ్లష్ ట్యాంక్: మూడేళ్లు వాడాక నా మాట

ఫ్లష్ ట్యాంక్‌లో వేసే సైఫన్ సెట్, అంటే బటన్ నొక్కితే నీళ్లని కమోడ్‌లోకి వదిలే ప్లాస్టిక్ సామాను గురించి ఇంత రాస్తానని నేనే అనుకోలేదు. కానీ మూడేళ్ల నుంచి దాన్ని విప్పుతూ, కడుగుతూ, తిట్టుకుంటూ, మళ్లీ మెచ్చుకుంటూ ఉన్నా కాబట్టి రాయొచ్చనే అనుకుంటున్నా. మాది హైదరాబాద్ నిజాంపేటలో అపార్ట్‌మెంట్. కమోడ్ మీదే కూర్చునే పింగాణీ ట్యాంక్, పైన రెండు బటన్లు, లోపలికి వచ్చేది బోరు నీళ్లు. ఆరు నెలలకే బకెట్ లోపల తెల్లటి చార కట్టే నీళ్లు.

పాత సైఫన్ పోయినప్పుడు వచ్చిన ప్లంబర్ మూత కూడా ఎత్తకుండా "ట్యాంకే మార్చాలి మేడమ్" అన్నాడు. నాకు ఒళ్లు మండి, ఆదివారం మా ఆయన చేత ట్యాంక్ పట్టించి, కింద రెండు బోల్టులూ విప్పి, పాత సైఫన్‌ని కవర్లో వేసుకుని కూకట్‌పల్లిలో శానిటరీ షాపుకి వెళ్లా. అలా పాతది చేత్తో పట్టుకెళ్లడమే మంచిది, నోటితో కొలతలు చెబితే ఎత్తు తేడా పడుతుంది. 650 రూపాయలు. పేరు చెప్పను, ఆ షాపులో నాలుగు పేర్లతో ఉన్న నాలుగు డబ్బాల్లోనూ దాదాపు ఒకే సరుకు కనిపించింది.

ఇందులో నాకు పిచ్చిగా నచ్చింది ఒక్కటే. సైఫన్ అడుగు భాగం ట్యాంక్‌కి బిగించి ఉండిపోతుంది, పై భాగాన్ని కుక్కర్ మూత తిప్పినట్టు ఎడమకి పావు చుట్టు తిప్పితే మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. నీళ్లు కమోడ్‌లోకి కారకుండా ఆపే వాషర్ దాని అడుగునే ఉంటుంది. పానా అక్కర్లేదు, ట్యాంక్ దింపక్కర్లేదు. మా ఫ్లోర్‌లో ముగ్గురికి ఇదే చెప్పి ఇదే కొనిపించా. అయితే మొదటిసారి బిగించడానికి ట్యాంక్ దించాల్సిందే, ఎందుకంటే పెద్ద నట్టు ట్యాంక్ కింద ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పనందుకు వాళ్లలో ఒకావిడ ఇప్పటికీ నన్ను దెప్పుతుంది.

ఇక అసలు కథ. బిగించిన రోజు మధ్యాహ్నమంతా మూత తీసి పక్కన పెట్టి, నీళ్లు నిండటం, ఆగటం, మళ్లీ నొక్కడం, ఏదో సినిమా చూస్తున్నట్టు చూశా. చుక్క కారలేదు. సాయంత్రం మూత పెట్టి, బటన్ బిగించి పడుకున్నాం. రాత్రి రెండింటికి అత్తయ్య వచ్చి తలుపు కొట్టారు, "అమ్మాయ్, నీ ట్యాంక్ మూలుగుతోంది" అని. నిజమే, పది నిమిషాలకోసారి సుయ్‌మని నీళ్లు ఎక్కుతున్నాయి.

పొద్దున్నే మూత తీసి చూస్తే ఏమీ లేదు. జిలేబీల్లో వేసే కేసరి రంగు చిటికెడు ట్యాంక్‌లో కలిపి, ఎవరినీ నొక్కనివ్వకుండా అరగంట ఆగా. వాషర్ కారుతుంటే ఆ రంగు కమోడ్‌లోకి దిగాలి. కమోడ్‌లో నీళ్లు తెల్లగానే ఉన్నాయి. అంటే వాషర్ బాగుంది, తప్పు నీళ్లు ఎక్కే వాల్వ్‌దే అనుకుని దాని మీద పడ్డా. నీళ్లు ఎక్కువ నిండి సైఫన్ మధ్య గొట్టంలోంచి కమోడ్‌లోకి పొర్లిపోతున్నాయేమోనని ఫ్లోట్ (నీళ్లు నిండగానే వాల్వ్‌ని మూసే తేలే ముక్క) తగ్గించా, నీటి మట్టం గొట్టం అంచుకి అంగుళం కిందే ఆగుతోంది. వాల్వ్ వాషర్ మార్చా. నా మీద నాకే అనుమానం వచ్చి సైఫన్ వాషర్ కూడా 40 రూపాయలు పెట్టి కొత్తది వేశా. రాత్రి కాగానే మళ్లీ సుయ్. నాలుగు రోజులు ఇదే తంతు, ఐదో రోజు నుంచి రాత్రిళ్లు యాంగిల్ కాక్ (ట్యాంక్‌కి నీళ్లు వచ్చే గోడ కుళాయి) కట్టేసి పడుకునేవాళ్లం.

ఆ వారం చివర్లో అత్తయ్యే అన్నారు, "మూత తీస్తే బుద్ధిగా ఉంటోంది, పెడితే మొదలెడుతోంది, గమనించావా" అని. నేను గమనించలేదు! ఎందుకంటే పరీక్షలన్నీ మూత నేల మీద పెట్టే చేశా, రంగు పరీక్షతో సహా. మూత తిరగేసి చూశా. బటన్ల కింద రెండు తెల్లటి ప్లాస్టిక్ పుల్లలు ఉంటాయి, మరలు తిప్పి పొడవు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మాది పొట్టి ట్యాంక్. పెద్ద బటన్ పుల్ల వెంట్రుకవాసి ఎక్కువై, ఎవరూ నొక్కకపోయినా మూత పెట్టగానే సైఫన్‌ని కాస్త నొక్కే ఉంచుతోంది. దాంతో అడుగున వాషర్ పూర్తిగా కూర్చోవట్లేదు. నాలుగు చుట్లు లోపలికి తిప్పా, బటన్ నొక్కితే ముందు కొంచెం వదులుగా కదిలి ఆ తర్వాతే సైఫన్‌కి తగిలేలా. అంతే. ఆ రాత్రి ఇంట్లో ఎంత నిశ్శబ్దమంటే నాకు నిద్ర పట్టలేదు.

డబ్బాలో ఇచ్చిన కాగితం మీద ఆ పుల్లల గురించి ఒక బొమ్మ ఉంది, మాట ఒక్కటీ లేదు. నా కోపమంతా దాని మీదే.

తర్వాత ఏడాదిన్నర ఏ గొడవా లేదు. ఆపైన ఒకసారి నిజంగానే వాషర్ కారింది, ఈసారి మూత పెట్టే రంగు పరీక్ష చేశా, కేసరి దిగింది. పావు చుట్టు తిప్పి తీస్తే సిలికాన్ వాషర్ అంచున ఇసకలా సున్నం పట్టి ఉంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి, వేలితో రుద్ది, రెండో వైపుకి తిరగేసి వేశా. పదిహేను నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. పాత సెట్‌లో ఉన్న నల్ల రబ్బరు వాషర్ ముట్టుకుంటేనే వేళ్లకి కాటుకలా అంటుకునేది, దానికన్నా ఇది వెయ్యి రెట్లు నయం. నీళ్లు నీలంగా మారే బిళ్లలు మాత్రం ట్యాంక్‌లో వేయకండి, క్లోరిన్ ఉన్నవైతే రబ్బరుని తినేస్తాయి.

కానీ మొన్న వేసవిలో, నేను అందరికీ గొప్పగా చెప్పిన ఆ పావు చుట్టే తిరగలేదు. ట్యాంకర్ నీళ్లూ బోరు నీళ్లూ కలిసి ఏం చేశాయో, సున్నం గడ్డకట్టి పై భాగంతో పాటు అడుగు కూడా తిరుగుతోంది. ఇంకాస్త బలం పెడితే విరిగిపోతుందని భయమేసింది. కాక్ కట్టేసి, ట్యాంక్‌లో సగం దాకా గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు పోసి రాత్రంతా వదిలేస్తే పొద్దునకి మెత్తబడి వచ్చింది. మరిగే నీళ్లు పోయొద్దు, పింగాణీ పగులుతుంది. అంటే ఈ సుఖం ఆరు నెలలకోసారి తీసి కడిగేవాళ్లకే. రెండేళ్లు దాని మొహం చూడకపోతే ఇదీ పాతదానిలాగే మొరాయిస్తుంది.

చిన్న బటన్ గురించి అడిగితే, మాకు అది పెద్దగా కలిసి రాలేదు. మూడు లీటర్లతో సరిపోవాలి, మా కమోడ్‌కి సరిపోక రెండుసార్లు నొక్కుతాం. అత్తయ్య అయితే రెండు బటన్లూ కలిపే నొక్కుతారు.

మళ్లీ ఇదే కొంటానా అంటే, ఈ ఇంటికైతే కొంటా. మంజీరా నీళ్లు (బోరువి కాదు, నది నుంచి వచ్చే కుళాయి నీళ్లు) మాత్రమే వచ్చే ఇంట్లో ఇంకా ఎక్కువ కాలం సుఖంగా నడుస్తుందనుకుంటా, అద్దె ఇంట్లో ఉంటే ట్యాంక్ దించే సాహసం చేయను. గోడలోపల దాచిన ట్యాంక్ ఉన్నవాళ్లకి నా అనుభవం పనికిరాదు. వాషర్ ఒకటి అదనంగా కొని బాత్రూమ్ షెల్ఫ్‌లో పెట్టా. నిమ్మ ఉప్పు డబ్బా కూడా అక్కడే పెడితే, పులిహోరలోకి కావాల్సి వచ్చి అత్తయ్య దాన్ని వంటింట్లోకి పట్టుకెళ్లిపోయారు.