ఆగిపోయిన జిప్సీకి కొత్త స్పేర్లు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. పాత మారుతీ జిప్సీ ఉన్నవాళ్లు ఇనుప సామాను లోకల్‌గా చేయించుకున్నా పెద్ద నష్టం లేదు. రబ్బరు, సీళ్లు, బ్రేకు సామాను మాత్రం కంపెనీవే వేయించండి. అందులోనూ రబ్బరైతే ఈ మధ్య తయారైనదే కొనండి. ఒడిశాలోని రాయగడలో ఉంటూ, ఇటు పార్వతీపురం అటు లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ రోడ్లలో ఈ బండిని ఏళ్ల తరబడి నడిపి, కంపెనీవి, డూప్లికేట్‌వి, లోకల్‌గా చేయించినవి, మూడు రకాల స్పేర్లూ వేయించి చూశాకే ఈ మాట అంటున్నాను.

మాది జిప్సీ కింగ్, 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (పెట్రోలుని చిమ్మే పద్ధతి) ఇంజిన్ ఉన్నది. 1985 డిసెంబరులో 970 సీసీ ఇంజిన్‌తో మొదటి జిప్సీ వచ్చింది. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో 1.3 లీటర్ల ఇంజిన్‌తో కింగ్ వచ్చింది. 2000లో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ వచ్చింది, 80 హార్స్‌పవర్. 2019కల్లా కొత్త భద్రతా నిబంధనల దెబ్బకి మామూలు జనానికి అమ్మడం ఆగిపోయింది, సైన్యానికి మాత్రం ఆ తర్వాత కూడా చేసి ఇచ్చారు. మాలాంటి వాళ్లకి కంపెనీ స్పేర్లు ఇంకా దొరుకుతున్నాయంటే అందులో సైన్యం చలవ చాలా ఉందని నా నమ్మకం. వేల బండ్లు సరిహద్దుల్లో తిరుగుతుంటే వాటికి సామాను ఎవరో ఒకరు చేస్తూనే ఉండాలి కదా.

ఇంజిన్ విషయంలో నాకు ఎప్పుడూ టెన్షన్ లేదు. ఇదే కుటుంబం ఇంజిన్ ఎస్టీమ్‌లో ఉంది, 2005లో వచ్చిన మొదటి స్విఫ్ట్ పెట్రోలులోనూ ఉంది. అందుకే ఫిల్టర్లు, ప్లగ్గులు, గాస్కెట్ల లాంటివి రాయగడలోనే దొరుకుతాయి. లేకపోతే విజయనగరంలో చెప్తే బస్సు పార్సిల్లో వచ్చేస్తాయి. కష్టమంతా జిప్సీకి మాత్రమే ఉండే సామానుతోనే. ముందు ఇరుసు చివర ఉండే నకిల్ సీళ్లు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) మౌంటింగులు, తలుపుల రబ్బర్లు, డాష్‌బోర్డు ప్లాస్టిక్కు, ఇవి మా వైపు తిరిగే మిగతా బండ్లకి పట్టవు. ఇంకే బండికీ పట్టనిది షాపువాడు స్టాకు పెట్టడు.

నకిల్ సీలు గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మా ప్రాంతంలో జిప్సీని ముందుగా తినేసేది అదే. ముందు చక్రం స్టీరింగుతో పాటు పక్కకి తిరగడానికి ఇరుసు చివర నున్నటి ఇనుప బంతి లాంటి భాగం ఉంటుంది. దాన్ని చుట్టి ఒక ఫెల్టు పట్టీ, ఒక రబ్బరు సీలు, వాటిని బోల్టులతో బిగించే రేకులు ఉంటాయి. లోపలి గ్రీజు బయటికి రాకుండా, బయటి మట్టి లోపలికి పోకుండా చూడటం వీటి పని. కాశీపూర్, టిక్రి వైపు వెళ్లినవాళ్లకి తెలుసు, అక్కడ నేలంతా ఎర్ర మట్టి, బాక్సైట్ లారీలు లేపే దుమ్ము. ఎండాకాలం ఆ దుమ్ము బంతి మీద పేరుకుని ఫెల్టుని గట్టి అట్టలా చేస్తుంది. వానాకాలం వాగు దాటితే నీళ్లు లోపలికి పోతాయి. ఆపైన ఆ బంతికి పైనా కిందా ఉండే కింగ్‌పిన్ బేరింగులు తుప్పు పడతాయి, స్టీరింగు వణుకుతుంది.

మొదట ఊళ్లో దొరికిన డూప్లికేట్ సీళ్లే వేయించాం. చూడటానికి తేడా కనిపించదు. కానీ రబ్బరు అంచుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని మడిచి చూస్తే తెలిసిపోతుంది. డూప్లికేట్‌ది మడిచిన చోట సన్నటి తెల్ల గీత పడుతుంది, వదిలేశాక పూర్తిగా వెనక్కి రాదు. కంపెనీది మడత ఆనవాలు కూడా లేకుండా వెంటనే లేచిపోతుంది. డూప్లికేట్ సీలు ఒక్క వానాకాలం గడవకముందే బంతి మీద నల్లగా జిడ్డు చారలు చూపించింది. కంపెనీ సెట్టు ధర దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది, కానీ వేయించాక చాలా కాలం ఆ చక్రం విప్పే పనే రాలేదు. ప్రతిసారీ విప్పి బిగించే కూలీ, గ్రీజు ఖర్చు కలిపి చూసుకుంటే చవకది ఏదో ఎవరికి వాళ్లే లెక్కేసుకోవచ్చు.

తర్వాత ఒకసారి వేరే ఊళ్లో ఒక పాత స్పేర్ల షాపులో నకిల్ సీలు అసలు సిసలు కంపెనీ పేకెట్టే దొరికింది, ఇంకా విప్పనిది. చాలా సంతోషపడ్డాను. మా మేస్త్రీ దాన్ని విప్పి, రబ్బరుని గోటితో నొక్కి, పేకెట్టు తిప్పి తేదీ చూశాడు.

"బాబూ, ఇది పేకెట్లోనే ముసిలిదైపోనాది. ఏసినా ఒకటే, ఏయకపోయినా ఒకటే."

ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. రబ్బరు వాడకపోయినా పాతబడుతుంది. గాలి, వేడి తగిలి దానిలోని మెత్తదనం పోయి గట్టిపడుతుంది. ఇనుప పుర్జా ఇరవై ఏళ్లు బీరువాలో ఉన్నా తుడిచి బిగించుకోవచ్చు. రబ్బరు సీలు అలా కాదు. ఎక్కడో గోడౌన్లో మిగిలిపోయిన పాత స్టాకు చూసి, పాత బండ్లవాళ్లం నిధి దొరికినట్టు సంబరపడతాం గానీ, రబ్బరు విషయంలో ఆ సంబరం నిలవదు. అచ్చు మళ్లీ తీసి, కొత్తగా పోసిన రబ్బరే కావాలి. ఆగిపోయిన బండికి కంపెనీ సామాను మళ్లీ తయారుచేయాలి అని నేను ఇంత గట్టిగా అనడానికి కారణం ఇదే. దాచిపెట్టిన స్టాకు అయిపోయేదాకా అమ్మితే సరిపోదు.

బయటి దేశాల్లో ఈ పని నిజంగానే చేస్తున్నారు. మాజ్దా వాళ్లు 2017 చివర్లో జపాన్‌లో మొదటి తరం రోడ్‌స్టర్ స్పోర్ట్స్ కారుకి రిస్టోరేషన్ పని మొదలుపెట్టి, ఆగిపోయిన సామాను మళ్లీ చేయించారు. గుడ్డ టాపు, నార్డి చెక్క స్టీరింగు, చివరికి ఆ కాలం నాటి టైరుని కూడా బ్రిడ్జ్‌స్టోన్‌తో అదే సైజులో తిరిగి చేయించారు. అదే ఏడాది డిసెంబరులో నిస్సాన్ రేసింగ్ విభాగమైన నిస్మో వాళ్లు ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్‌కి వైరింగ్ హార్నెస్‌లు, గొట్టాల లాంటివి మళ్లీ తెచ్చారు. టయోటా 2020లో జీఆర్ హెరిటేజ్ పార్ట్స్ పేరుతో తన పాత స్పోర్ట్స్ కార్లు సుప్రాలకి, 2000జీటీకి మొదలుపెట్టి, తర్వాత 40 సిరీస్ ల్యాండ్ క్రూజర్‌కీ, పాత కొరోలా ఏఈ86కీ విస్తరించింది. నాకు ఆ 40 సిరీస్ సంగతి మిగతావాటికంటే బాగా నచ్చింది. సుప్రా ఎవరో సరదాకి దాచుకునే కారు. 40 సిరీస్ మాత్రం మన జిప్సీలాగే పొలాల్లో, గనుల్లో, కొండల్లో పనిచేసిన బండి. అలాంటి బండికి ఇంజిన్ సామాను, డ్రైవ్‌ట్రైన్ సామాను మళ్లీ చేయడం అంటే దాన్ని ఇంకా నడిపేవాళ్లని లెక్కలోకి తీసుకున్నట్టే.

కష్టం ఎక్కడుందో నాకు తెలియక కాదు. సామాను చాలావరకు కంపెనీ సొంతంగా చేయదు, బయటి చిన్న ఫ్యాక్టరీలకి ఇస్తుంది. ఆ ఫ్యాక్టరీ మూతపడితే అచ్చు పాత ఇనుము కింద వెళ్లిపోతుంది. అచ్చు ఉన్నా, ఒకసారి మెషీన్ మీద ఎక్కించి సెట్ చేస్తే కొన్ని వందలైనా తీయాలి, లేకపోతే గిట్టదు. పోర్షే దీనికి ఒక దారి చూపించింది. 959 అనే కారు వాళ్లు మూడు వందలు కూడా చేయలేదు. దాని క్లచ్ రిలీజ్ లివరు కోసం అచ్చు మళ్లీ పోయించకుండా, లోహపు పొడిని లేజర్‌తో కరిగిస్తూ త్రీడీ ప్రింటింగ్‌లో చేస్తున్నామని 2018లో ప్రకటించింది. మనకి లివర్ల కొరత లేదు, విజయనగరంలో లేత్ మీద అలాంటివి తీసిచ్చేవాళ్లు ఉన్నారు. కానీ పాత డ్రాయింగు పోయిన పుర్జాని కొలిచి మళ్లీ గీయడం ఇప్పుడు సాధ్యమే అని అది చూపిస్తోంది.

ట్రాన్స్‌ఫర్ కేసు మౌంటింగులు రెండో పెద్ద కథ. జిప్సీలో గేర్‌బాక్సు వేరు, ట్రాన్స్‌ఫర్ కేసు వేరు, మధ్యలో చిన్న ప్రొపెల్లర్ షాఫ్టు ఉంటుంది. ఆ కేసు ఛాసిస్‌కి మూడు మౌంటింగుల మీద వేలాడుతుంది. వాటిలో రబ్బరు ఇనుప పలకకి అతికి ఉంటుంది. డూప్లికేట్‌లో ఆ అతుకే ఊడిపోతుంది. ఘాట్‌లో ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదలగానే కింద నుంచి దడ్ మని శబ్దం, తర్వాత నలభై దాటితే నేలంతా వణుకు, లివరు చేతిలో కొట్టుకోవడం, ఇవన్నీ దాని లక్షణాలు. చాలామంది దీన్ని షాఫ్టు జాయింట్ క్రాసులు పోయాయనుకుని క్రాసులు మార్పిస్తారు. ముందు మౌంటింగులు చూడమనండి. జాకీ అవసరం లేదు, బండి కింద పడుకుని కేసుని కర్రతో పైకి ఎత్తి చూస్తే, ఊడినచోట రబ్బరుకీ పలకకీ మధ్య వేలి గోరు దూరేంత సందు కనిపిస్తుంది. మూడూ కంపెనీవి ఒకేసారి మార్పించాక బండి ఎంత మెత్తగా నడిచిందంటే, వెనక కూర్చున్న మా అమ్మ "ఏరా, బండి మార్చావా?" అంది.

స్టీరింగు వణుకు విషయంలో మాత్రం కంపెనీ సామాను ఒక్కటే సరిపోదు, చేతి పని కూడా అంతే ముఖ్యం. కింగ్‌పిన్ బేరింగులు మంచివే తెచ్చినా, వాటి కింద వేసే షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకులు) సరిగ్గా లేకపోతే అరవై దగ్గర మళ్లీ మొదలవుతుంది. మా మేస్త్రీ సీలు ఎక్కించకముందు స్టీరింగు టై రాడ్ తగిలే కన్నానికి స్ప్రింగు కాటా తగిలించి లాగుతాడు. నకిల్ కదలడం మొదలుపెట్టే ముందు ముల్లు ఎంత చూపిస్తుందో చూసి షిమ్ తీస్తాడో, వేస్తాడో తేలుస్తాడు. కాటా లేకుండా చేత్తో ఊపి "బాగానే ఉంది" అనేవాళ్ల దగ్గర ఈ పని చేయించకండి.

ఇక లోకల్‌గా చేయించుకున్నా బాగున్నవి. కమాన్ కట్టలు, అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు, మొదటివి. ఈ దారంతా లారీలే కాబట్టి కమాన్ కట్టలు వేసే షాపులు రోడ్డు పొడుగునా ఉన్నాయి, పట్టీ మార్చడంలో వాళ్ల చేతికి తిరుగులేదు. బుష్‌లు మాత్రం మీరే తీసుకెళ్లి ఇవ్వండి. సైలెన్సరు, బంపరు, ఫుట్‌బోర్డు వెల్డింగ్ షాపులోవే చాలు. రెగ్జిన్ టాపు మా ఊళ్లో సీట్లు కుట్టే ఆయనే కుట్టాడు, మూలల్లో రెండు పొరలు వేసి. దానిమీద ఇప్పటికీ ఫిర్యాదు లేదు.

తలుపుల రబ్బర్లు కంపెనీవి దొరికితే అదృష్టమే. అవి లేకపోతే దుమ్ము లోపలికి వచ్చేస్తుంది, వాన నీళ్లు మ్యాటు కిందికి చేరి నేల రేకు తుప్పు పడుతుంది. మీటరు లెక్కన అమ్మే రబ్బరు వేసి చూశాం. మూలలో సరిగ్గా తిరగదు, తలుపు వేయాలంటే గట్టిగా కొట్టాలి. డాష్‌బోర్డు ప్లాస్టిక్కులు మా వైపు ఏ కౌంటర్లో అడిగినా సప్లై లేదంటున్నారు. పగిలిన గాలి వెంటు ముక్కలు నేను పారేయలేదు, ఒక డబ్బాలో దాచాను. ఎప్పుడైనా కొలిచి గీసేవాళ్లు దొరికితే నమూనా కావాలి.

బ్రేకుల్లో బేరం వద్దు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు కాబట్టి వెనక వీల్ సిలిండర్ల కప్పు రబ్బర్లు తరచూ చూడాలి. కొండ దిగేటప్పుడు అవే ప్రాణం. సుంకి ఘాట్‌లో సాలూరు వైపు దిగేవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

కొనేవాళ్లకి ఒక పద్ధతి చెప్తాను. షాపులో "జిప్సీ సీలు ఇవ్వండి" అనకండి. పార్టు నంబరు రాసుకుని వెళ్లండి, ఎందుకంటే 410కీ (970 సీసీ బండి) 413కీ (1.3 లీటర్ల బండి), కార్బురేటర్ బండికీ ఎంపీఎఫ్ఐ బండికీ తేడాలున్నాయి. పాత పుర్జా విప్పగానే దానిమీద అచ్చు నంబరు ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి. పేకెట్టు మీద ఎమ్మార్పీ పక్కన నెల, సంవత్సరం చూడండి. రబ్బరు సామానైతే రెండు మూడేళ్లు దాటినది నేను తీసుకోను. అలాగని ఒకేసారి పదేళ్లకి సరిపడా కొని ఇంట్లో పెట్టుకోకండి, అది కూడా బీరువాలోనే గట్టిపడుతుంది. ఒక సెట్టు చాలు. ఉన్నది నీడలో, గాలి తగలకుండా, పెట్రోలు వాసన లేని చోట పెట్టండి.

ఇంకో పని కూడా చేయాలి. మా చుట్టుపక్కల గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్ జిల్లా జైపూర్ దాకా జిప్సీలు ఇంకా చాలా ఉన్నాయి, చాలావరకు తెలుగువాళ్ల దగ్గరే. ఎవరికి ఏ సామాను దొరకడం లేదో ఒక్కచోట రాసి, పార్టు నంబర్లతో సహా డీలర్ల ద్వారా కంపెనీకి పంపించాలి. ఏ పుర్జా కావాలో చెప్పమని టయోటా పాత బండ్ల యజమానులనే అడుగుతోంది. మనల్ని ఎవరూ అడగకపోయినా మనమే చెప్పాలి. విడిగా ఒక్కడు వెళ్లి తలుపు రబ్బరు అడిగితే కౌంటర్లో తల అడ్డంగా ఊపుతారు. మూడు వందల మందికి ఎడమ తలుపు రబ్బరు కావాలని కాగితం మీద ఉంటే, అచ్చు ఎక్కించడానికి అది ఒక ఆర్డరు. నా జాబితాలో మొదటి రెండూ రాసేశాను: తలుపుల రబ్బర్లు, గాలి వెంట్లు. మీవి కలపండి.