కారులో హామ్ సెట్: ముఖం విడదీసేదా, ఒకే పెట్టెదా? విశాఖలో ఏది మేలు?

వైజాగ్‌లో హామ్ (అభిరుచి కోసం నడిపే అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ కొత్తగా వచ్చినవాళ్లు కొన్నాళ్లు హ్యాండీతో, అంటే చేతిలో పట్టే రేడియోతో, నెట్టుకొస్తారు. ఆ తర్వాత కారులో మంచి మొబైల్ సెట్ (బండిలో బిగించే రేడియో) పెట్టాలని మనసు పడుతుంది. అప్పుడు అందరికీ వచ్చే సందేహం ఒకటే. డిస్‌ప్లే, బటన్లు ఉండే ముందు భాగాన్ని, అంటే ముఖాన్ని, విడదీసి డాష్‌బోర్డు మీద పెట్టుకునే సెట్ కొనాలా, అన్నీ ఒకే పెట్టెలో ఉండేది సరిపోతుందా?

నా మాట ముందే చెప్పేస్తాను. మన దగ్గర ఎక్కువమంది నడిపే చిన్న కార్లకి ముఖం విడదీసే సెట్టే మేలు. కాకపోతే దాని పెట్టెని డిక్కీలో కాదు, ముందు ప్యాసింజర్ సీటు కింద పెట్టాలి. పవర్ వైరు బ్యాటరీ నుంచి నేరుగా, లావుగా రావాలి. ఈ రెండూ కుదరని కారైతే ఎక్కువ డబ్బు పోసి ఆ సెట్ కొనకండి, ఒకే పెట్టె సెట్ హాయి.

ఒకే పెట్టె సెట్లని తక్కువగా చూడాల్సిన పనిలేదు. యాసు ఎఫ్‌టీ-2980, ఐకామ్ ఐసీ-2300హెచ్ లాంటివి 2 మీటర్ల బ్యాండ్‌కే (144 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉండే ఫ్రీక్వెన్సీలకే) పనికొస్తాయి, కానీ ఆ పని గట్టిగా చేస్తాయి. మొదటిది 80 వాట్లు, రెండోది 65 వాట్లు ఇస్తుంది. మీ గ్రేడ్‌కి లైసెన్స్‌లో ఎన్ని వాట్ల వరకు అనుమతి ఉందో చూసుకుని, అంతకు మించకుండా పవర్ తగ్గించి వాడుకోవాలి. 2980కి ఫ్యాన్ ఉండదు, పెద్ద హీట్‌సింక్ (వేడిని బయటికి వదిలే లోహపు రెక్కలు) మీదే చల్లబడుతుంది. బీచ్ రోడ్డు వైపో, రుషికొండ వైపో ఉండేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఫ్యాన్ ఉన్న సెట్లో అది తిరిగినంతసేపూ ఉప్పుగాలిని లోపలికి లాగుతూనే ఉంటుంది. పైగా వైరింగ్ కూడా తక్కువ. పవర్ వైరు, యాంటెన్నా కేబుల్, అంతే.

దాని ఇబ్బందల్లా స్థలమే. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో గేర్ రాడ్ ముందు ఖాళీ ఉండదు. గ్లవ్‌బాక్స్ కింద బిగిస్తే పక్కన కూర్చున్నవాళ్ల మోకాళ్లకి తగులుతుంది. నడిపేవాళ్లు ఫ్రీక్వెన్సీ చూడాలంటే రోడ్డు మీంచి చూపు తిప్పి కిందికి వంగాలి. ఎన్‌ఏడీ జంక్షన్‌లోనో మద్దిలపాలెంలోనో ఆ పని చేయకూడదు. బొలెరో, జీపు లాంటి బండి ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు. వాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసి ఒకే పెట్టె సెట్ కొనుక్కోవచ్చు.

హ్యాండీకే కారు పైన ఒక యాంటెన్నా తగిలించుకోవడం మూడో దారి. ఊళ్లో తిరిగేవాళ్లకి ఇది చాలు. 5 వాట్ల నుంచి 50 వాట్లకి వెళ్తే పెరిగేది 10 డెసిబెల్స్. అవతలివాళ్ల సెట్‌లో సిగ్నల్ బలం చూపించే మీటరులో అది రెండు ఎస్-యూనిట్లు (ఆ మీటరు మీది గీతలు) కూడా కాదు. కారు లోపల రబ్బరు యాంటెన్నాతో మాట్లాడేవాళ్లు దాన్ని బయటికి, పైకప్పు మీదికి మార్చినా చాలా తేడా తెలుస్తుంది. అందుకే డబ్బు తక్కువగా ఉంటే ముందు యాంటెన్నా కొనండి, సెట్ తర్వాత చూసుకోవచ్చు. అరకు ఘాట్ రోడ్డులో అనంతగిరి మలుపుల దగ్గర కొండ అడ్డమొస్తే 50 వాట్లున్నా సిగ్నల్ పోయేది పోతుంది. ఎస్.కోట దాటకముందు, ఎదురుగా మైదానం ఉన్నప్పుడు, ఎక్కువ వాట్ల వల్ల లాభం కనిపిస్తుంది.

ఇక ముఖం విడదీసే సెట్ల సంగతి. వీటిలోనూ రెండు రకాలున్నాయి. యాసు ఎఫ్‌టీ-7900, కెన్‌వుడ్ టీఎం-వీ71 లాంటివాటిలో ముఖం పెట్టెకే అతుక్కుని వస్తుంది. కావాలంటే ఊడదీసి, విడిగా కొన్న కేబుల్ కిట్‌తో దూరంగా పెట్టుకోవచ్చు. ఐకామ్ ఐసీ-2730, యాసు ఎఫ్‌టీఎం-400 లాంటివాటిలో ముఖం మొదటి నుంచీ వేరే, మధ్య కేబుల్ సెట్‌తోనే వస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో మొదటి రకం దొరికితే కిట్ కూడా ఉందో లేదో ముందే అడగండి. కొన్ని మోడళ్లలో ఆ కేబుల్ చివర కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్‌కి ఉండే ప్లగ్గులాంటిదే కనిపిస్తుంది కదా అని ఇంట్లో ఉన్న నెట్‌వర్క్ కేబుల్ గుచ్చేవాళ్లున్నారు. పిన్నులు ఏ వరసలో కలవాలో మోడల్‌ని బట్టి మారుతుంది. మాన్యువల్‌లో చూసుకోకుండా ఏదీ గుచ్చొద్దు.

కొనేటప్పుడు షాపువాళ్లు గుర్తుచేయని విషయం ఇంకొకటుంది. ముఖం డాష్‌బోర్డు మీదికి వచ్చినంత మాత్రాన మైకు కూడా రాదు. ఐసీ-2730లో, టీఎం-వీ71లో మైక్ సాకెట్ పెట్టెకే ఉంటుంది. స్పీకరూ అందులోనే ఉంటుంది. అంటే పెట్టె సీటు కిందికి పోతే మైక్‌కి ఎక్స్‌టెన్షన్ కేబుల్ కావాలి, వినడానికి చిన్న ఎక్స్‌టర్నల్ స్పీకర్ కావాలి. ఈ రెండింటి ఖర్చు కలిపాకే ఒకే పెట్టె సెట్‌తో ధర పోల్చండి. చాలామంది సెట్ ధర చూసి లెక్క వేసుకుని, తీరా బిగించే రోజు ఆగిపోతారు.

ముఖం ఊడి రావడం వల్ల మన ఊరికి ఒక లాభం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు ఎంత కాలుతుందో చేయి పెడితే తెలుస్తుంది. ఈ సెట్లకి కంపెనీలు రాసే పై హద్దు సాధారణంగా 60 డిగ్రీలు. కారు ఆపినప్పుడు ముఖాన్ని తీసి గ్లవ్‌బాక్స్‌లో పడేస్తే ఎల్‌సీడీ బతుకుతుంది, దొంగ కన్ను కూడా పడదు. ముఖం బిగించేటప్పుడు ఎయిర్‌బ్యాగ్ మూత మీదగానీ, అద్దానికి చూపు అడ్డం వచ్చేలాగానీ పెట్టకండి.

పెట్టె ఎక్కడ పెట్టాలి? డిక్కీ అనేది అందరికీ మొదట తట్టే చోటు. ఖాళీ ఉంటుంది, కంటికి కనిపించదు. కానీ లెక్క చూడండి. 50 వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు సుమారు 12 ఆంప్‌లు లాగుతుంది. బానెట్ కింద బ్యాటరీ నుంచి డిక్కీకి వైరు తీస్తే ఒకవైపు 5 మీటర్లు, పోను రాను 10 మీటర్లు. మన ఎలక్ట్రీషియన్లు మామూలుగా వేసే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వాడితే ఆ 12 ఆంప్‌ల దగ్గర దాదాపు 0.9 వోల్టు వైరులోనే పోతుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ 12.4 వోల్టులు చూపిస్తుంటే సెట్‌కి చేరేది 11.5. చాలా సెట్లకి 13.8 వోల్టులకి 15 శాతం అటూ ఇటూ అని రాసి ఉంటుంది, అంటే కింది హద్దు 11.7. వినడానికి బాగానే ఉంటుంది. మైక్ నొక్కగానే డిస్‌ప్లే మసకబారుతుంది, లేదా సెట్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. సెట్ పాడైందని కంగారుపడి రిపేరుకి తీసుకెళ్తారు. అసలు తప్పు వైరుది.

డిక్కీయే కావాలంటే 6 స్క్వేర్ ఎంఎం వేయండి, నష్టం 0.4 వోల్టుకి దిగుతుంది. ముందు సీటు కిందైతే ఒకవైపు 3 మీటర్లు చాలు. 4 స్క్వేర్ ఎంఎం వైరుతోనే వోల్టులో మూడో వంతు మాత్రమే పోతుంది. ఏసీ గాలి కాస్త తగులుతుంది, మైక్ కేబుల్ దూరం తగ్గుతుంది. డిక్కీలో సామాన్ల కింద సెట్ ఉడికిపోయే గొడవా ఉండదు.

సీటు కింద ముందుగా టార్చ్ వేసి చూడాలి. కొన్ని మైల్డ్ హైబ్రిడ్ (ఇంజిన్‌కి తోడు చిన్న మోటార్ ఉండే) కార్లలో అక్కడ లిథియం బ్యాటరీ ఉంటుంది, అలాంటప్పుడు ఆ చోటు మర్చిపోండి. పసుపు రంగు కనెక్టర్లు, పసుపు స్లీవ్ ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని కదపొద్దు, వాటికి టేపు చుట్టి మన వైరు కట్టొద్దు. సీటుని పూర్తిగా ముందుకి, వెనక్కి జరిపి చూసి, పట్టాలకి వైరు నలగని చోట పెట్టెని బిగించండి. నేల మీద నేరుగా కాకుండా చిన్న బ్రాకెట్ మీద లేపి పెట్టాలి. వర్షాకాలంలో తడి కాళ్ల నీళ్లు మ్యాట్ కిందికి చేరతాయి.

కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలన్న దాంట్లో కూడా మూడు దారులున్నాయి. సిగరెట్ లైటర్ సాకెట్ హ్యాండీకి సరే, 50 వాట్ల సెట్‌కి వద్దు. దాని ఫ్యూజ్, లోపలి స్ప్రింగు అంత కరెంటు కోసం పెట్టినవి కావు, ప్లగ్గు వేడెక్కుతుంది. ఫ్యూజ్ బాక్స్‌లో ఖాళీ స్లాట్ నుంచి తీయడం చూడటానికి శుభ్రంగా ఉంటుంది, కానీ ఆ లైను ఎంత కరెంటు మోస్తుందో బయటికి తెలియదు. బ్యాటరీ నుంచి నేరుగా తీసుకోవడమే నా ఎంపిక.

ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే ఈ మాట వినిపిస్తుంది: “ఇంత లావు వైరెందుకు సార్, హారన్ లైన్లో కలిపేస్తాను, అయిపోద్ది.” మర్యాదగానే వద్దని చెప్పండి. పాజిటివ్ వైరుకి ఫ్యూజ్ బ్యాటరీ టెర్మినల్‌కి జానెడు దూరం లోపలే ఉండాలి. ఫ్యూజ్ ఉన్నది సెట్‌ని కాపాడటానికి మాత్రమే కాదు. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు అంచుకి వైరు రాసుకుని ఇన్సులేషన్ తెగితే మంట పుట్టకుండా ఆపేది అదే. ఆ రేకు కన్నానికి తొడిగిన రబ్బరు రింగు (గ్రోమెట్) లోంచే వైరు దాటించాలి. నెగటివ్ వైరు విషయంలో పాత పద్ధతి దాన్నీ బ్యాటరీ టెర్మినల్‌కే కలపడం. ఇప్పటి కార్లలో చాలావాటికి నెగటివ్ టెర్మినల్ మీద కరెంట్ సెన్సర్ ఉంటుంది. దాన్ని దాటేసి కలిపితే బ్యాటరీ ఎంత వాడామో కారుకి తెలియదు. బ్యాటరీ నెగటివ్ పట్టీ బాడీకి కలిసే బోల్టు దగ్గరే మన నెగటివ్ కూడా కలపడం మంచిది.

తాళం తీశాక సెట్ దానంతట అదే ఆగిపోవాలంటే 30 ఆంప్‌ల ఆటో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పెట్టొచ్చు. 30వ పిన్ను బ్యాటరీకి, 87 సెట్‌కి, 86 తాళం తిప్పితే కరెంటు వచ్చే లైనుకి, 85 బాడీకి. మర్చిపోయి వెళ్లినా బ్యాటరీ దిగదు. అయినా నేను రిలే లేకుండానే పెట్టమంటాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక కరెంటు, సెల్ టవర్లు పోయి ఈ ఊరు ఎలా ఉందో మనం చూశాం. అలాంటి రోజున కారు బ్యాటరీయే మీకు మిగిలిన కరెంటు. వింటూ ఉంటే తక్కువ లాగే సెట్‌కి అర ఆంప్ చుట్టూ చాలు. పది గంటలు విన్నా 5 ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ దాన్ని తట్టుకుంటుంది. మామూలు రోజుల్లో మతిమరుపు కోసం సెట్‌లోనే ఉండే ఆటో పవర్ ఆఫ్ ఆన్ చేసి ఉంచండి.

విశాఖలో ఏ వైరింగ్‌కైనా అసలు శత్రువు ఉప్పు. లగ్‌ని (వైరు చివర తొడిగే లోహపు కొనని) సరిగా క్రింప్ చేయకుండా, అంటే నొక్కి బిగించకుండా, టేపు చుట్టి వదిలేసిన వైరుని ఒకటి రెండేళ్ల తర్వాత విప్పి చూడండి. రాగి పోగులు నల్లబడి, ఇన్సులేషన్ లోపలికి కూడా పచ్చటి చిలుము పాకి ఉంటుంది. పైకి వైరు కొత్తదిలాగే కనిపిస్తుంది. తగరం పూత ఉన్న రాగి వైరు దొరికితే అదే కొనండి. ఫిషింగ్ హార్బర్ దగ్గర పడవలకి వైరింగ్ చేసేవాళ్లని అడిగి చూడొచ్చు. దొరక్కపోతే సన్న పోగులు ఎక్కువగా ఉండే ఆటో కేబుల్ తీసుకుని, లగ్ క్రింప్ చేసి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడిగి, బోల్టు బిగించాక పైన వేజలిన్ రాయండి. బాడీ బోల్టు కింద పెయింట్ గీకితే గీకిన చోటు బయటికి కనిపించకూడదు, అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

యాంటెన్నాకీ ఇదే వర్తిస్తుంది. 2 మీటర్ల బ్యాండ్ క్వార్టర్ వేవ్ (తరంగం పొడవులో నాలుగో వంతు ఉండే) యాంటెన్నా అర మీటరు పొడవు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి కూడా సులువుగా వెళ్తుంది. కప్పుకి రంధ్రం చేసి బిగించేది అన్నిటికన్నా మంచిది, కానీ కొత్త కారుకి ఎవరికీ మనసొప్పదు. అయస్కాంతం బేస్ ఉన్నదైతే వారానికోసారి తీసి కింద తుడవాలి, లేకపోతే కప్పు మీద గుండ్రంగా తుప్పు మచ్చ పడుతుంది. డిక్కీ తలుపు అంచుకి బిగించే బ్రాకెట్ స్క్రూలు పెయింట్‌లోకి దిగుతాయి, వాటికీ వేజలిన్ రాయండి.

నేవీ స్థావరం ఉన్న ఊరు కాబట్టి లైసెన్స్ కాపీ కారులో ఎప్పుడూ ఉండాలి. లైసెన్స్ లేకుండా ఈ సెట్ కారులో పెట్టుకోవడం నేరం.

అంతా బిగించాక వోల్టు మీటరు సెట్ పవర్ ప్లగ్గు దగ్గర పెట్టి, ఇంజిన్ ఆపి, ఖాళీ ఫ్రీక్వెన్సీలో, మీకు అనుమతి ఉన్నంతలో ఫుల్ పవర్ మీద పది సెకన్లు కాల్‌సైన్ (లైసెన్స్‌తో ఇచ్చిన మీ గుర్తింపు పేరు) చెబుతూ మైక్ నొక్కండి. వోల్టేజి 11.7 పైన నిలబడితే వైరు సరే. తర్వాత ఇంజిన్ ఆన్ చేసి, కారు ఆగి ఉండగానే తక్కువ పవర్‌లో, ఎక్కువ పవర్‌లో మైక్ నొక్కి ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు ఏమైనా వెలుగుతున్నాయేమో చూడండి. వెలిగితే యాంటెన్నా కేబుల్‌ని కారు వైరింగ్‌కి దూరంగా మార్చి, ఫెర్రైట్ (రేడియో గోలని ఆపే ఉంగరం) తొడిగి మళ్లీ చూడాలి. ఆ లైట్లు ఆరిపోయేదాకా కారు రోడ్డెక్కించొద్దు.